డాక్టర్ జీన్ టెస్ట్ రాశారా? ముందు ఆ బ్లాక్ ఎక్కడుందో కనుక్కోండి

ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన మా చిన్నమ్మని హిందూపురం నుంచి బెంగళూరు తీసుకొచ్చినప్పుడు ఫైల్‌లో స్కాన్లున్నాయి, బయాప్సీ రిపోర్ట్ ఉంది, రక్త పరీక్షలు కట్టలు కట్టలుగా ఉన్నాయి, కావాల్సింది ఒక్కటే లేదు. గడ్డలో ఏ జీన్ మారిందో చూసే టెస్ట్ రాద్దామని ఇక్కడి డాక్టర్ అన్నీ తిరగేసి "బ్లాక్ ఏదీ?" అన్నారు, మేం మొహాలు చూసుకున్నాం. మీరు మాలాగ తిరక్కూడదని రాస్తున్నా. నేను డాక్టర్ని కాను, ఫైల్ మోసినవాణ్ణి అంతే.

బ్లాక్ అంటే బయాప్సీలో తీసిన ముక్కని ఫార్మలిన్‌లో పెట్టి, మైనంలో దించి చేసే చిన్న దిమ్మ. దాన్నుంచే పల్చగా కోసి గాజు స్లైడ్ల మీద పెడతారు. అది బయాప్సీ చూసిన ల్యాబ్‌లోనే ఉంటుంది, అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు, అడక్కపోతే ఎవరూ చెప్పరు. మా ఊరి ల్యాబ్ వాళ్లు స్లైడ్లు మాత్రం చేతిలో పెట్టి పంపేశారు, మళ్లీ మా తమ్ముడు పొద్దున్నే రైలెక్కి వెళ్లి బ్లాక్ తెచ్చాడు, ఒక రోజు పోయింది. తీసుకునేటప్పుడు దాని మీది నంబరు, రిపోర్ట్ మీది నంబరు ఒకటేనా చూసుకోండి. కారు డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం పెట్టకండి, మైనం కదా!

ముక్క మరీ చిన్నదైతేనో అందులో క్యాన్సర్ కణాలు తక్కువుంటేనో టెస్ట్ ఫెయిలవుతుంది. అప్పుడు రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉంది, గడ్డ నుంచి రక్తంలోకి రాలిన డీఎన్‌ఏ తునకల్ని వెతుకుతారు. అందులో ఏమీ కనిపించలేదంటే మార్పు లేదని కాదు, దొరికేంత రాలి ఉండకపోవచ్చు.

డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి, "ఈ రిజల్ట్ వస్తే మందు మారుతుందా సార్?" అని. మొహమాటం వద్దు. ఊపిరితిత్తుల క్యాన్సర్లో చాలాసార్లు మారుతుంది, కొన్నిటికి పెద్దగా మారదు. ఒకేసారి వందల జీన్లు చూసే ప్యానెల్ రాస్తే, చిన్న ప్యానెల్ సరిపోదా అని కూడా అడగండి, రేటులో చాలా తేడా ఉంటుంది.

ఇంకోటి, రిజల్ట్‌కి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ వారాలే నరకం. చుట్టాలంతా ఫోన్ చేసి ఇంకా మందు మొదలుపెట్టలేదా అంటారు. ఆగొచ్చా అని డాక్టర్‌నే అడగండి, మనిషికి ఆయాసం ఎక్కువుంటే వాళ్లే ఆగకుండా కీమో మొదలుపెడతారు. కానీ ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ ముందే ఇచ్చేసి, తర్వాత ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు బయటపడి, దానికిచ్చే ఒసిమెర్టినిబ్ మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఆగమంటారు, నిర్లక్ష్యం కాదు.

మా చిన్నమ్మ జన్మలో బీడీ ముట్టలేదు, ఇంట్లో తాగేవాళ్లూ లేరు. రిపోర్ట్‌లో ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ అని వచ్చింది, అంటే ఆ జీన్‌లో ఒకచోట చిన్న ముక్క ఎగిరిపోయింది. కణానికి పెరగమని చెప్పే స్విచ్ ఆఫ్ కాకుండా ఇరుక్కుపోయిందన్నమాట. ఒకప్పుడు జెఫిటినిబ్ అనే మాత్ర కొందరికి అద్భుతంగా పనిచేసి మిగతావాళ్లకి అసలు పనిచేసేది కాదు, ఎందుకో తెలిసేది కాదు, 2004లో అమెరికా పరిశోధకులు గడ్డల్లో ఈ జీన్ చదివితే, అందులో మార్పు ఉన్నవాళ్లకే బాగా పనిచేస్తోందని గుట్టు తెలిసింది. చిన్నమ్మకి సెలైన్ సూదుల బదులు రోజుకో మాత్ర రావడం వెనక ఉన్న కథ అదీ.

రిపోర్ట్ చదివేటప్పుడు అందరూ తడబడేది ఏదైనా జీన్ మార్పు పక్కన వీయూఎస్ అని రాసి ఉన్న దగ్గర. ఆ మార్పు మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదని దాని అర్థం. గూగుల్ చేసి ఏడవకండి, దాన్ని బట్టి మందు మార్చరు, ఆపరేషన్ చెయ్యరు. మనవాళ్ల రిపోర్టుల్లో ఇవి ఎక్కువ కనపడడానికి కారణం ఉంది, పోల్చి చూసే డేటా చాలావరకు యూరప్ మూలాలవాళ్లది. ఇప్పుడిప్పుడే మనది పోగవుతోంది, బెంగళూరు ఐఐఎస్‌సీలోని బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ముందుండి నడిపిన జీనోమ్ ఇండియాలో 10,000 మంది జీనోమ్‌లు, అంటే మనిషి మొత్తం డీఎన్‌ఏ చదివారు, చెన్నైలో ఐఐటీ మద్రాస్ 2025లో మనవాళ్ల గడ్డల్లోని జీన్ మార్పుల చిట్టాగా భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ పెట్టింది, రొమ్ము క్యాన్సర్‌తో మొదలుపెట్టారు. కాబట్టి ఈరోజు వీయూఎస్ అన్నది రేపు మారొచ్చు, ఏడాదికోసారి ల్యాబ్‌ని అడగండి.

పిల్లలకి వస్తుందా అని మా బాబాయి రాత్రంతా నిద్రపోలేదు. గడ్డలో పుట్టిన మార్పు వేరు, పుట్టుకతో వచ్చింది వేరు. చిన్నమ్మది మొదటిది, పిల్లలకి రాదు. అదే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జీన్ మార్పు లాంటిది బయటపడితే రక్తంతో మళ్లీ చూస్తారు, పుట్టుకతోనే ఉందని తేలితే ఒక్కో బిడ్డకీ ఆ మార్పు వచ్చి ఉండడానికి సగం అవకాశం, మగపిల్లలకి కూడా. అప్పుడు ఇలాంటి వంశపారంపర్య మార్పుల గురించి వివరించే జెనెటిక్ కౌన్సెలర్‌ని కలిశాకే మిగతావాళ్లకి టెస్టులు.

మాత్ర ఎప్పటికీ పనిచెయ్యదు, క్యాన్సర్ దారి మార్చుకుంటుంది. అప్పుడు మళ్లీ బయాప్సీ అంటారు, పాత రిపోర్ట్ ఉందిగా అని గొడవపడకండి, గడ్డ ఇప్పుడెలా ఉందో కొత్త ముక్కే చెప్తుంది. రిపోర్ట్ అన్ని పేజీలూ ఫోన్లో పెట్టుకోండి, మొదటి పేజీ ఫొటో సరిపోదు. టెస్ట్ అయ్యాక మిగిలిన బ్లాక్ వెనక్కి అడగండి. మాది ఇప్పుడు బీరువాలో చిన్నమ్మ పట్టుచీరల పక్కన ఉంది.