భుజం కీలు అరిగిన పెద్దవాళ్లు రోజు పనులు ఎలా చేసుకోవాలి?

ఎక్స్‌రే చూసి "కీలు అరిగిందండీ, వయసు కదా" అని డాక్టరు చెప్పాక చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. మాత్రలు వస్తాయి, పైన రాసుకోవడానికి జెల్ వస్తుంది, ఆ రోజు నుంచి "నువ్వు కూర్చో అమ్మా, నేను చేస్తాగా" అంటూ పిల్లలు చేతిలో పని లాగేసుకుంటారు. ప్రేమతోనే, కాదనను. కానీ వాడకుండా వదిలేసిన భుజం బిగుసుకుపోతుంది, కండ తగ్గిపోతుంది, నిన్నటిదాకా చేసుకున్న పని కూడా వచ్చే నెలకి చేతకాకుండా పోతుంది. మెడకి పట్టీ కట్టి చేతిని రోజంతా అందులో వేలాడదీసుకున్నా అదే ఫలితం.

ఆక్యుపేషనల్ థెరపిస్టుల పని ఇక్కడ మొదలవుతుంది. ఫిజియోథెరపిస్టు ముఖ్యంగా కీలు ఎంత కదులుతోంది, కండకి బలం ఎంత ఉంది అని చూస్తే, వీళ్లు మీరు చొక్కా ఎలా తొడుక్కుంటున్నారు, తల ఎలా దువ్వుకుంటున్నారు, కుర్చీలోంచి ఎలా లేస్తున్నారు అని చూస్తారు. అరిగిన గుజ్జు మందులతో తిరిగి రాదు. అందుకని భుజం బాగయ్యేదాకా ఆగకుండా, ఇప్పుడున్న భుజంతోనే అయ్యేలా పని చేసే తీరు మారుస్తారు. ఇందులో చాలా భాగం ఇంట్లో మీరే మొదలుపెట్టుకోవచ్చు.

ముందు కాగితం తీసుకుని, నొప్పి సంగతి పక్కన పెట్టి, ఏ పనులు ఇబ్బంది పెడుతున్నాయో రాయండి. నాలుగైదు చాలు. ఒక్కోదాన్నీ ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నారో చూసి పదికి మార్కులు వేయండి, ఆ పని మీకు ఎంత ముఖ్యమో కూడా పక్కనే రాయండి, ఎందుకంటే ఒకరికి వీపు రుద్దుకోవడం ముఖ్యమైతే ఇంకొకరికి మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ముఖ్యం, ఈ లెక్క బయటివాళ్లు వేసేది కాదు. వీలైతే ఇంట్లోవాళ్ల చేత ఆ పని చేస్తుండగా ఫోన్లో వీడియో తీయించండి. థెరపిస్టుకి మాటల్లో చెప్పినదానికన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

ఏ కదలిక దగ్గర పట్టేస్తోందో కూడా గమనించండి. చేతిని ఛాతీకి అడ్డంగా అవతలి భుజం వైపు తీసుకెళ్తే సరిగ్గా భుజం పైభాగంలో నొప్పి వస్తుంటే, కాలర్ బోను చివర ఉండే చిన్న కీలు దగ్గర తేడా ఉండే అవకాశం ఎక్కువ. లోపల ఎక్కడో లోతుగా లాగుతూ, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పలేకపోతుంటే, చేతి ఎముక భుజానికి కలిసే పెద్ద కీలు మీద అనుమానం. తేల్చాల్సింది డాక్టరే, కానీ ఏ కదలిక తప్పించాలో మీకు తెలుస్తుంది. ఇంకో మాట: చెయ్యి నిటారుగా 180 డిగ్రీలు లేవట్లేదని దిగులు పడొద్దు. మామూలు రోజు పనులు చాలావాటికి 120 డిగ్రీల దాకా లేస్తే సరిపోతుంది.

ఇక బట్టలు. ఎక్కువమంది అలవాటు కొద్దీ బాగున్న చెయ్యి ముందు దూర్చేస్తారు, ఆ తర్వాత నొప్పి చెయ్యి వీపు వెనక్కి వెళ్లి చొక్కా రెండో చేతిని వెతుక్కోవాలి, అరిగిన భుజానికి అది చాలా కష్టమైన కదలిక. దీన్ని తిరగేయండి. కూర్చోండి, చొక్కాని ఒళ్లో పరుచుకోండి, కొంచెం ముందుకి వంగి నొప్పి చేతిని మోకాళ్ల మధ్య వదులుగా వేలాడనివ్వండి. బాగున్న చేత్తో చొక్కా చేతిని దాని మీదుగా మోచెయ్యి దాటించి, జబ్బ పైదాకా పూర్తిగా లాగండి (సగంలో వదిలేస్తే తర్వాత అక్కడే బిగుస్తుంది). కాలరు పట్టుకుని మెడ వెనకనుంచి ఇవతలికి తెచ్చి, అప్పుడు బాగున్న చెయ్యి దూర్చండి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు బయటికి రావాలి, నొప్పి చెయ్యి ఆఖరు. రెండు భుజాలూ నొప్పైతే ఎక్కువ బాధ పెట్టేది ముందు. ఒక సైజు వదులుగా, ముందు గుండీలున్న బట్టలైతే సగం తంటా తగ్గుతుంది. లోదుస్తులకి వెనక హుక్కులుంటే ముందువైపు పెట్టుకుని వెనక్కి తిప్పుకోవచ్చు, లేదా ముందు హుక్కులున్నవే కొనుక్కోవచ్చు.

బరువుల విషయంలో ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు: మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి. అదే కిలో బరువు చెయ్యి చాచి పట్టుకుంటే భుజం మీద పడే భారం, మోచెయ్యి మడిచి పొట్ట దగ్గర పట్టుకున్నప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి రోజూ వాడే సామాన్లన్నీ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉన్న అరల్లోకి దించేయండి, పై అరలో ఏడాదికోసారి తీసేవే ఉండాలి. గిన్నె నిండా నీళ్లు పట్టి ఎత్తడం కన్నా పొయ్యి మీద పెట్టాక మగ్గుతో నీళ్లు పోసుకోవడం మేలు. ఎత్తకుండా గట్టు మీద జరపగలిగితే జరపండి, రెండు చేతులతో పట్టుకోగలిగింది ఒక చేత్తో పట్టుకోవద్దు.

తల దువ్వుకునేటప్పుడు చెయ్యి గాల్లో పెట్టక్కర్లేదు. బల్ల ముందు కూర్చుని మోచెయ్యి బల్ల మీద ఆనించి, తలనే చేతి దగ్గరికి వంచండి. పళ్లు తోముకోవడానికీ, గడ్డం గీసుకోవడానికీ ఇదే పద్ధతి. స్నానంలో వీపుకి పొడవు పిడి ఉన్న బ్రష్షు, కూర్చోవడానికి జారని స్టూలు ఉంటే మంచిది. చంక కడుక్కోవాలంటే చెయ్యి పైకెత్తడం మానేసి, కూర్చుని ముందుకి వంగండి, చెయ్యి వేలాడగానే చోటు దానంతటదే వస్తుంది. గోడకి పట్టుకునే కడ్డీ బిగిస్తే గట్టిగా బిగించండి. తువ్వాలు ఆరేసే కడ్డీని పట్టుకుని లేవడం మాత్రం వద్దు, అది మనిషి బరువుకి చేసింది కాదు.

కుర్చీ సంగతి ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో అసలు తంటా చాలాసార్లు అక్కడే ఉంటుంది. మోకాళ్లు కూడా నొప్పైన పెద్దాయన లోతైన సోఫాలోంచి రెండు చేతులూ ఊని లేస్తే, లేచిన ప్రతిసారీ ఒంటి బరువులో చెప్పుకోదగ్గ భాగం భుజాల మీదకి వస్తుంది. తుంటి మోకాళ్లకన్నా కొంచెం ఎత్తులో ఉండేలా గట్టి సీటు చూడండి. అంచుకి జరిగి, పాదాలు వెనక్కి లాగి, ముక్కు మోకాళ్ల మీదకి వచ్చేంతగా వంగి లేస్తే కాళ్లే పని చేస్తాయి. చేతికర్ర సాధారణంగా నొప్పి మోకాలికి ఎదురు చేతిలో పట్టుకోమంటారు. ఆ చెయ్యే నొప్పి భుజమైతే ఏం చేయాలో థెరపిస్టుని అడిగే తేల్చుకోండి.

రాత్రి నొప్పి వైపు తిరిగి పడుకోవద్దు. వెల్లకిలా పడుకుంటే మోచేతి కింద ఒక మడతపెట్టిన దుప్పటో దిండో పెట్టండి, లేకపోతే జబ్బ కిందికి జారి భుజం ముందువైపు లాగుతుంది. రెండో వైపు తిరిగితే ఛాతీ ముందు దిండు పెట్టుకుని దాని మీద చెయ్యి వేయండి.

కదలిక కోసం మూడు వ్యాయామాలు చాలు. పదిహేను నిమిషాలు వేడి కాపడం పెట్టి మొదలుపెట్టండి (చర్మం కాలకుండా గుడ్డ చుట్టి). బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి వంగి, నొప్పి చేతిని వదులుగా అటూఇటూ ఊపడం ఒకటి. కూర్చుని బల్ల మీద తువ్వాలు వేసి, దాని మీద చెయ్యి పెట్టి ముందుకి జరపడం రెండోది. మోచేతులు ఒంటికి ఆనించి రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చేత్తో నొప్పి చేతిని మెల్లగా బయటికి నెట్టడం మూడోది. ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి వెళ్లండి. కొంచెం లాగినట్టుంటే ఫర్వాలేదు. చేశాక రెండు గంటలకి కూడా ముందుకన్నా ఎక్కువ నొప్పి ఉంటే చేసింది ఎక్కువైందని అర్థం, మర్నాడు తగ్గించండి, పూర్తిగా మానేయొద్దు. ఇంటి పనులకీ ఇదే కొలత. ఇల్లంతా ఒకే పూట సర్దేసి మూడు రోజులు మంచాన పడటం కన్నా, నొప్పి రాకముందే ఆగి రోజుకో గది చేసుకోవడం నయం.

పరికరాలు ఆఖర్న కొనండి. పని తీరు మార్చాక కూడా కుదరనిదానికే, అదీ ఒకసారి చేతపట్టి చూశాకే.

భుజం ఆపరేషన్ అయినవాళ్లు పైవేవీ సొంతంగా మొదలుపెట్టొద్దు, వాళ్లకి నిషేధాలు వేరు, సర్జన్ చెప్పిందే పాటించాలి. భుజం ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, పడ్డాక చెయ్యి లేవకపోయినా ఆ రోజే డాక్టరుకి చూపించండి. చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువుతో పాటు భుజం లాగుతుంటే మాత్రం అది కీళ్ల నొప్పి అనుకుని జెల్ రాసుకుంటూ కూర్చోకండి, వెంటనే అంబులెన్సు పిలవండి.