ఇంట్లో డ్రిఫ్ట్ కారు, 4వ పాఠం: డిఫరెన్షియల్‌ను వెల్డ్ చేసి లాక్ చేయడం

మూడో పాఠంలో బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఈ46 తరం కారు వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక ఇరుసు భాగాలను మోసే చట్రం) దించాం. అది బిగిసే చోట నేల రేకు చిట్లిందేమో చూసి, పగుళ్ల కొసల్లో 3 మి.మీ. రంధ్రాలు వేసి, వెల్డ్ చేసి, పైన ప్లేట్లు వేశాం. ఆ పని కానివాళ్లు ఈ పాఠం మొదలుపెట్టొద్దు. లాక్ చేసిన డిఫరెన్షియల్ (డిఫ్) ఇచ్చే ప్రతి కుదుపూ ఆ రేకు మీదకే వెళ్తుంది.

ముందు, ఈ పని ఎందుకో చూద్దాం. డ్రిఫ్ట్ అంటే వెనక చక్రాలను జార్చి, తోక బయటికి వచ్చేలా మలుపు తిప్పడం. కారు వెనక చక్రాలు రెండింటి మధ్య దూరం దాదాపు 1.48 మీటర్లు. సగం చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే నాలుగున్నర మీటర్ల పైచిలుకు ఎక్కువ దూరం నడవాలి. ఎడ్లబండిలో చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి కాబట్టి ఆ చిక్కు లేదు. ఇంజన్ తిప్పే ఇరుసుకు మాత్రం ఆ తేడా సర్దడానికి డిఫరెన్షియల్ కావాలి. అందులో ఒక షరతు దాగి ఉంది: రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన టార్కే (తిప్పే బలమే) అందుతుంది. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడి లోపలి చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం కొద్దిపాటి టార్క్‌కే జారిపోతుంది, బయటిదానికీ ఆ కొద్దే దక్కుతుంది. ఒక టైరు పొగ కక్కుతుంది, కారు తిన్నగా ముందుకు పోతుంది. రైలు చక్రాల జతలా రెండింటినీ ఒకే ఇరుసుకు కట్టేస్తే రెండూ కలిసే జారతాయి, తోక బయటికి వస్తుంది.

ప్లేట్ల ఎల్ఎస్‌డీ (ఒక చక్రం ఒక్కటే జారిపోకుండా కొంతవరకు ఆపే డిఫ్) కొనొచ్చు, బాగానే ఉంటుంది. కానీ మొదటి కారుకు, మొదటి ఏడాదికి వెల్డింగే సరైనదని మా లెక్క. ఎల్ఎస్‌డీలో ప్లేట్లు అరుగుతాయి, మళ్లీ విప్పాలి. వెల్డ్ చేసిన డిఫ్ ప్రతిసారీ ఒకేలా ప్రవర్తిస్తుంది, నేర్చుకునేవాడికి అదే ముఖ్యం. ప్లేట్లు లేకుండా గేర్లతోనే పనిచేసే టోర్సెన్ రకం మాత్రం వద్దు. ఒక చక్రం పూర్తిగా తేలికైతే అది ఓపెన్ డిఫ్‌లాగే (లాక్ లేని మామూలు డిఫ్‌లాగే) చేతులెత్తేస్తుంది.

ఇది ట్రాక్ మీదకు ట్రైలర్‌పై తీసుకెళ్లే కారుకు మాత్రమే. తడిరోడ్డు మీద మామూలు మలుపులోనే తోక జారుతుంది. ఇండియాలో ఉన్నవాళ్లకైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా అడ్డే: తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్చిన బండిని రోడ్డెక్కించకూడదు. ఇంకో మాట. బీఎండబ్ల్యూ చెన్నై ప్లాంటు 2007లో మొదలయ్యేనాటికి 3 సిరీస్ ఈ90 తరానికి మారిపోయింది. మీది ఈ90 అయితే కొన్ని డిఫ్‌లలో క్రౌన్ వీల్‌ను (డిఫ్‌లోని పెద్ద గేరును) బోల్టులతో కాకుండా ఫ్యాక్టరీలోనే కేజ్‌కు (లోపలి చిన్న గేర్లను పట్టి ఉంచే గూడుకు) వెల్డ్ చేసి ఉంటారు. కింది పనికి క్రౌన్ విప్పనక్కర్లేదు కాబట్టి ఇబ్బంది లేదు, విప్పాలని మాత్రం చూడకండి.

మీ కార్లోని డిఫ్‌నే వెల్డ్ చేయకండి. పాతసామాన్ల షాపులో ఇంకోటి కొనండి, పొరపాటైతే వెనక్కి తగ్గే దారి ఉంటుంది. కొనేటప్పుడు నిష్పత్తి (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇన్‌పుట్ ఎన్ని చుట్లు తిరగాలో) చూసుకోండి. ఐదు గేర్ల మాన్యువల్ 330ఐలో వచ్చేది 2.93. చిన్న ట్రాకులకు అది బద్ధకంగా ఉంటుంది. అదే సైజు హౌసింగ్‌లో 3.38 దొరికితే అదే గేరులో చక్రం దగ్గర టార్క్ 15 శాతం పెరుగుతుంది. ఇన్‌పుట్ ఫ్లాంజ్‌ను (ఇంజన్ వైపు షాఫ్ట్ బిగిసే పళ్లేన్ని) చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, పైకీ కిందికీ ఊగినా పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు) బేరింగ్ పోయినట్టే, దాన్ని అక్కడే వదిలేయండి.

కావలసినవి: 200 ఆంపియర్లు ఇచ్చే మిగ్ వెల్డర్ (తీగను తనే అందిస్తూ అతికే మెషీన్), 0.8 లేదా 0.9 మి.మీ. ఈఆర్70ఎస్-6 తీగ. అమెరికాలో గ్యారేజీ ఉన్నవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. ఇంటి గోడలోని 120 వోల్టుల ప్లగ్గుకు పెట్టే చిన్న మిగ్ ఇంత మందం గేర్లలోకి దిగదు, పైన మైనపు ముద్దలా కూర్చుంటుంది. అంత మిగ్ లేకపోతే ఆర్క్ వెల్డర్‌తో 3.2 మి.మీ. 309 లేదా 312 స్టెయిన్‌లెస్ రాడ్లు వాడండి. అసలు ఈ రకం ఉక్కుకు తీగ కంటే ఈ రాడ్లే మేలు: గేరు పళ్ల పైపొర గట్టిపరిచింది కాబట్టి చిట్లే స్వభావం ఎక్కువ, స్టెయిన్‌లెస్ లోహం కాస్త సాగి ఆ ఒత్తిడిని ఓర్చుకుంటుంది. వీటితో పాటు గ్యాస్ టార్చి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, వెల్డింగ్ దుప్పటి, అల్యూమినియం రేకు, రెండు కొత్త ఫ్లాంజ్ సీళ్లు, సైడ్ కవర్ల ఓ-రింగులు, వెనక కవర్ గాస్కెట్.

ఆయిల్ తీసేటప్పుడు పైనున్న ఫిల్ ప్లగ్ ముందు విప్పండి. అది ఊడదని తేలేలోగా కింది ప్లగ్ తీసేస్తే ఖాళీ డిఫ్‌తో మిగులుతారు. వెనక కవర్ తీసి, రెండు పక్కలా హాఫ్‌షాఫ్ట్‌లు (డిఫ్ నుంచి చక్రాలకు వెళ్లే షాఫ్ట్‌లు) బిగిసే ఫ్లాంజ్‌లను రెండు ప్రైబార్లతో ఎదురెదురుగా సమంగా నెడితే క్లిప్పులోంచి టక్కుమని బయటికొస్తాయి. తర్వాత సైడ్ కవర్లు. ఒక్కోదాని వెనక షిమ్ (ఖాళీ సర్దే పలుచటి రింగు) ఉంటుంది. ఈ షిమ్‌లే క్రౌన్, పినియన్ మధ్య ఖాళీని నిర్ణయిస్తాయి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. కవర్, షిమ్, బేరింగ్ బయటి రేసు (రింగు) ఒకే సంచిలో పెట్టి ‘ఎడమ’, ‘కుడి’ అని పెయింట్ పెన్నుతో రాయండి. మార్చి పెడితే గేర్లు వంద కిలోమీటర్లలోపే ఏడుపు మొదలుపెడతాయి.

కేజ్ బయటికొచ్చింది కదా, కిటికీల్లోంచి చూడండి. నడుమ అడ్డంగా ఒక పిన్ను, దాని మీద రెండు చిన్న స్టార్ పినియన్లు, అటూ ఇటూ రెండు సన్ గేర్లు. పళ్లు కలిసే చోట్లు నాలుగు. ఆ నాలుగూ అతికితే చాలు, గేర్లు ఒకదానితో ఒకటి తిరగలేవు కాబట్టి కేజ్‌కు వేరే అతకనక్కర్లేదు.

శుభ్రం చేయడం విసుగు పని, అయినా వెల్డ్ నిలబడేదీ పగిలేదీ ఇక్కడే తేలుతుంది. డిఫ్ ఆయిల్‌లో గంధకం ఉంటుంది. పళ్ల సందుల్లో మిగిలిన ఆయిల్ వేడికి పైకి ఊరి, వెల్డ్‌లో తేనెతుట్టె లాంటి రంధ్రాలు చేస్తుంది, గంధకం వెల్డ్‌ను చిట్లిస్తుంది. కిరోసిన్‌తో కడిగి, డిటర్జెంట్ వేసిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆఖర్న బ్రేక్ క్లీనర్ కొట్టండి. డబ్బా మీద ‘క్లోరిన్ లేనిది’ అని ఉండాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వెల్డింగ్ వేడికి, ఆర్క్ వెలుగుకు ఫాస్జీన్ విషవాయువుగా మారుతుంది. ఇది ప్రాణం మీదకు తెచ్చే తప్పు. ఏ క్లీనర్ అయినా పూర్తిగా ఆరాకే ఆర్క్ వెలిగించండి.

బేరింగులను కేజ్ నుంచి లాగితే చాలావరకు పాడవుతాయి, కొత్తవి వేస్తే షిమ్ లెక్క మారొచ్చు. అందుకే వాటిని ఉన్నచోటే ఉంచి కాపాడుకుందాం. రేకు చుట్టి, దానిపైన దుప్పటి ముక్క చుట్టండి. సన్ గేర్ల నడుమ స్ప్లైన్ రంధ్రాల్లో (ఫ్లాంజ్ దిగే గాళ్ల రంధ్రాల్లో) రేకు ఉండలు కుక్కండి. అక్కడ ఒక్క చుక్క పడినా ఫ్లాంజ్ మళ్లీ ఎక్కదు. ఎర్త్ క్లాంపు కేజ్ లోహానికే, వెల్డ్ చేసే కిటికీ పక్కనే బిగించండి. కేజ్‌ను బల్ల మీద పెట్టి, బల్లకు ఎర్త్ తగిలిస్తే కరెంటు బేరింగ్ రోలర్ల గుండా వెళ్తుంది. రోలర్లు, రేసు తాకే చోట సూదిమొన గుంటలు పడతాయి. కంటికి కనిపించవు, రెండో ట్రాక్ డేకి చెవికి వినిపిస్తాయి.

టార్చితో గేర్లను 150 డిగ్రీల దాకా వేడి చేయండి. థర్మామీటర్ లేకపోతే నీటి చుక్క వేయండి: దోసె పెనం మీదలా చుర్రుమని అక్కడికక్కడే ఆరిపోవాలి. ముత్యంలా గుండ్రంగా మారి గెంతుతోందంటే మరీ కాలింది, ఆగండి. బేరింగ్ రేసు మాత్రం 120 దాటకూడదు. మంట కిటికీలోకే పోవాలి, కొసల వైపు కాదు.

ఇప్పుడు ఒక కిటికీలో ఒక కలయిక దగ్గర రెండు పళ్ల మధ్య లోయను అడుగు నుంచి నింపుకుంటూ రండి. మూడు సెంటీమీటర్లు వేశాక ఆపి, ఎదురు కిటికీకి తిప్పి అక్కడ అంతే వేయండి. ఒకే వైపు పోగేస్తే గేరు ఒక పక్కకు లాగి పిన్ను బిగుసుకుంటుంది. ప్రతి పొర మీదా స్లాగ్ కొట్టేసి బ్రష్ చేయాలి. రెండు సన్ గేర్ల మధ్య ఖాళీ పెద్దదిగా ఉంటే 10 మి.మీ. మెత్తటి ఉక్కు ముక్కను స్టార్ పినియన్ పక్కన వంతెనలా పెట్టి రెండువైపులా అతకండి. ఏ గడ్డా కేజ్ అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే హౌసింగ్‌కు, పినియన్ తలకు తగులుతుంది.

చల్లారడం నెమ్మదిగా జరగాలి. వేడి కేజ్‌ను ఇసుకలో పూడ్చమని చాలామంది చెబుతారు. ఊడదీసిన గేరుకైతే సరే, బేరింగులు ఉండగా ఇసుక దగ్గరకు కూడా రానివ్వకండి. దుప్పటి రెండు పొరలు చుట్టి రాత్రంతా వదిలేయండి. చల్లార్చడానికి ఫ్యాను పెట్టినా, నీళ్లు చల్లినా పళ్ల మొదట్లో వెంట్రుకంత పగులు వస్తుంది.

మర్నాడు రేకు తీసి, చిమ్మిన చుక్కలన్నీ ఉలితో, వైర్ బ్రష్‌తో రాల్చి, కేజ్ మొత్తం ఇంకోసారి కడగండి. తెల్లటి గుడ్డతో తుడిచినప్పుడు గుడ్డకు ఏమీ అంటకూడదు. బిగించాక పరీక్ష సులువు. కార్లో వేసి వెనక రెండు చక్రాలూ స్టాండ్ల మీద లేపి, న్యూట్రల్‌లో ఒక చక్రం చేత్తో తిప్పండి. ఓపెన్ డిఫ్‌లో రెండోది ఎదురు దిశలో తిరగాలని చూస్తుంది. ఇప్పుడు రెండూ ఒకే దిశలో, ఒకేసారి కదలాలి. ఒక చక్రాన్ని మనిషి పట్టుకుంటే రెండోది వేలెడంత కూడా జారకూడదు, హాఫ్‌షాఫ్ట్ జాయింట్ల కొద్దిపాటి ఆట తప్ప.

75డబ్ల్యూ-140 ఆయిల్‌ను కారు సమంగా నిలబెట్టి ఫిల్ రంధ్రం అంచు దాకా పోయండి, కారడం మొదలైతే చాలు. కవర్ మీది బ్రీతర్‌ను (లోపలి పీడనం బయటికి పోయే చిన్న గాలి రంధ్రాన్ని) గాలితో ఊది చూడండి. అది మూసుకుపోతే వేడికి లోపల పీడనం పెరిగి కొత్త సీళ్లలోంచే ఆయిల్ కక్కుతుంది, తప్పు సీలుదని మళ్లీ మళ్లీ మారుస్తూ ఉంటారు.

ఇకపై వెనక టైర్ల చుట్టుకొలత రెండూ ఒకటే ఉండాలి. కుట్టుపని టేపుతో కొలవండి. 10 మి.మీ. పైన తేడా ఉంటే నేరుగా పోతున్నప్పుడే కారు ఒక పక్కకు లాగుతుంది, హాఫ్‌షాఫ్ట్‌లు ఊరకే మెలి తిరుగుతాయి. ట్రాక్ మీద ఎక్కువ మలుపులు ఒకే వైపుంటే ఒక టైరు ముందు అరుగుతుంది. ప్రతి రెండు రౌండ్ల తర్వాత కుడి ఎడమలు మార్చుకోండి. ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) నెమ్మదిగా తిప్పినప్పుడు టైర్లు కిచకిచమనడం, కుదుపుతో గెంతడం మామూలే.

మొదటి ట్రాక్ డే అయిన రాత్రే, ఆయిల్ ఇంకా గోరువెచ్చగా ఉండగా, తీసేయండి. ప్లగ్గు అయస్కాంతానికి కాటుకలాంటి బూడిదరంగు పేస్టు అంటితే సంతోషమే. గోటి ముక్కంత పెంకు కనిపిస్తే కవర్ తీసి చూడాల్సిందే, వెల్డ్ ముక్క రాలి క్రౌన్ పళ్ల మధ్య పడితే వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. ఆ తర్వాత ప్రతి మూడు ట్రాక్ డేలకూ ఆయిల్ మార్చండి, హాఫ్‌షాఫ్ట్ బోల్టులకు టార్క్ రెంచి పెట్టండి, రబ్బరు బూట్లు చిరిగాయేమో చూడండి.

వచ్చే పాఠం హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్. ఈ46లో అసలు హ్యాండ్‌బ్రేక్ డిస్క్ లోపలి డ్రమ్ములో చిన్న షూలతో పనిచేస్తుంది, డ్రిఫ్ట్‌కు ఆ పట్టు చాలదు. అప్పటికి వెనక కాలిపర్లు విప్పి, పిస్టన్ సీళ్లు ఆరోగ్యంగా ఉన్నాయో లేదో చూసి ఉంచండి.