మడమ వెనక నొప్పి తర్వాత మళ్లీ పరుగులోకి ఎలా రావాలి?

పొద్దున మంచం దిగగానే మొదటి నాలుగడుగులు కుంటుతూ పడతాయి. కాసేపటికి సర్దుకుంటుంది. పరుగు మొదలుపెట్టగానే మళ్లీ పట్టేసినట్టుంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, మర్నాడు పొద్దున మళ్లీ మొదటికొస్తుంది. పరుగెత్తేవాళ్లలో చాలామందికి తెలిసిన ఈ నొప్పి, పిక్కను మడమ ఎముకతో కలిపే అకిలిస్ టెండన్‌ది. ఒంట్లోని టెండన్లన్నిటిలోకీ మందమైనది, బలమైనది ఇదే. పరుగులో దాని మీద శరీర బరువుకు ఆరేడు రెట్ల భారం పడుతుంది.

నొప్పి వస్తే ఎక్కువమంది చేసేది ఒకటే. రెండు వారాలు పూర్తిగా మానేస్తారు, నొప్పి పోగానే పాత దూరమే పరుగెత్తుతారు. విశ్రాంతితో నొప్పి తగ్గే మాట నిజమే కానీ, టెండన్ సత్తువ కూడా తగ్గుతుంది. అందుకే తిరగబెడుతుంది. దానికి కావాల్సింది కొద్దికొద్దిగా పెరిగే పని.

1. ముందు ఇది ఆ నొప్పేనా చూసుకోండి

మడమ ఎముకకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన టెండన్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా నొక్కండి. అక్కడ నొప్పిగా, కాస్త లావుగా తగిలితే ఈ వ్యాసం మీకోసమే. నొప్పి సరిగ్గా ఎముకకు అతుక్కునే చోటే ఉంటే కింద మూడో అంశంలో చెప్పే వ్యాయామంలో ఒక మార్పు చేసుకోవాలి.

‘టప్’మని చప్పుడై, వెనక నుంచి ఎవరో తన్నినట్టనిపించి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతుంటే టెండన్ తెగి ఉండొచ్చు. పిక్క వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఈ రెండిట్లో ఏదైనా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

ఈమధ్య సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడారేమో కూడా గుర్తు చేసుకోండి. ఇవి టెండన్లను దెబ్బతీయొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. ఇప్పుడు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

2. నొప్పికి మార్కులు వేయండి

సున్నా అంటే నొప్పే లేదు, 10 అంటే భరించలేనంత. 2007లో వచ్చిన ఒక స్వీడన్ అధ్యయనంలో నొప్పి 5 దాటకుండా, మర్నాటి పొద్దుటికల్లా సర్దుకునేలా చూసుకుంటూ పరుగు కొనసాగించినవాళ్లు, పరుగు మానుకున్నవాళ్లలాగే కోలుకున్నారు. మొదట్లో మాత్రం 3 దగ్గరే ఆగమని నా సలహా, ఎందుకంటే పరుగు ఊపులో ఉన్నప్పుడు మనం మార్కులు తక్కువే వేసుకుంటాం. మర్నాడు పొద్దున ఆ మొదటి అడుగులు ఎలా పడ్డాయన్నదే నమ్మదగ్గ లెక్క. అవి ముందురోజు కన్నా కష్టంగా ఉంటే నిన్న ఎక్కువ చేసినట్టే.

3. మెట్టు మీద మడమ దించండి

ఈ పని దగ్గరే ఓపిక పట్టాలి. మెట్టు అంచున పాదాల ముందుభాగం మాత్రమే ఆనించి నిలబడి, గోడనో రెయిలింగ్‌నో పట్టుకోండి. రెండు కాళ్లతో మునివేళ్ల మీద పైకి లేవండి. బాగున్న కాలు తీసేసి, బరువంతా నొప్పి ఉన్న కాలి మీద వేసి, మడమను మెట్టు అంచు కన్నా కిందికి దించండి. దించడానికి మూడు నాలుగు సెకన్లు పట్టాలి, దబ్బున పడకూడదు. పైకి రావడానికి మళ్లీ రెండు కాళ్లూ వాడండి.

మోకాలు నిటారుగా ఉంచి 15 సార్ల చొప్పున 3 విడతలు, కాస్త వంచి మరో 3 విడతలు. వంచినప్పుడు లోపలి పిక్క కండరం సోలియస్‌కు ఎక్కువ పని పడుతుంది. రోజుకు రెండు పూటలా, 12 వారాలు. స్వీడన్ ఎముకల డాక్టర్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన పద్ధతి ఇది. తేలికైపోయాక వీపుకు బరువైన బ్యాగు తగిలించుకోండి. రెండు పూటలా కుదరకపోతే వారానికి 3 రోజులు, ఎక్కువ బరువుతో నెమ్మదిగా లేచి దిగే వ్యాయామమూ అంతే మేలు చేస్తుంది.

నొప్పి ఎముక దగ్గరే ఉంటే మెట్టు వద్దు, నేల మీదే చేయండి. మడమ కిందికి జారితే అక్కడ టెండన్ ఎముకకు ఒత్తుకుంటుంది. పిక్కను గట్టిగా సాగదీసే స్ట్రెచింగ్ కూడా అందుకే మానాలి.

4. నడక, పరుగు కలిపి మొదలుపెట్టండి

అరగంట వేగంగా నడిచినా మర్నాడు నొప్పి పెరగకూడదు, ఆ ఒక్క కాలి మునివేళ్ల మీద 20 సార్లు లేవగలగాలి, చిన్నగా గెంతగలగాలి. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా 8 సార్లు. ఇబ్బంది లేకపోతే తర్వాత రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక.

పరుగు రోజుల మధ్య కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదలండి. భారం పడ్డాక మొదటి ఒకటిన్నర రోజు టెండన్‌లో కొల్లాజెన్ (దానికి బలాన్నిచ్చే ప్రొటీన్) తయారయ్యేదానికన్నా అరిగేదే ఎక్కువ. లాభం ఆ తర్వాతే కనిపిస్తుంది. ముందు దూరం పెంచండి. వేగం, ఎత్తు ఎక్కడం అన్నిటికన్నా ఆఖర్న.

5. మనసును, తిండిని పట్టించుకోండి

రోజూ పరుగెత్తేవాళ్లకు ఆగిపోవాల్సి వస్తే చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం మామూలే. పరుగుకు కేటాయించిన వేళను ఖాళీగా వదలకండి. నొప్పి రాకపోతే సైకిలో ఈతో పెట్టుకోండి, తోటి రన్నర్లను కలుస్తూ ఉండండి. పరుగు లేదు కదా, బరువు పెరుగుతామేమోనన్న టెన్షన్‌తో తిండి కోసేయకండి. టెండన్ నయం కావడానికీ శక్తి కావాలి. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోతే, ఒంటికి చాలినంత తిండి అందట్లేదనడానికి అదొక గుర్తు కావొచ్చు, డాక్టర్‌ను కలవాలి.

12 వారాలు క్రమం తప్పకుండా చేసినా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్ట్‌నో స్పోర్ట్స్ డాక్టర్‌నో కలవండి. తొందరగా తగ్గుతుందని టెండన్‌లోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు, అది తెగిపోయే ప్రమాదం ఉంది. పూర్తిగా తగ్గాక కూడా మెట్టు వ్యాయామాన్ని వారానికి రెండుసార్లయినా కొనసాగించండి.