ఫోన్‌లో షుగర్ లెక్క: డయాబెటిస్ యాప్‌ను పనికొచ్చేలా వాడటం ఎలా?

షుగర్ ఉన్న చాలామంది ఫోన్లలో ఏదో ఒక యాప్ ఉంటుంది. తెరిచి చూస్తే ఒకచోట 142, పది రోజుల తర్వాత 236, ఆ పైన ఖాళీ. ఆ 142 పరగడుపుదా, తిన్నాక చూసిందా? పరగడుపుదైతే కాస్త ఎక్కువే. భోజనం చేసిన రెండు గంటలకైతే బాగానే ఉన్నట్టు. ఆ ముక్క రాయకపోతే అంకెతో డాక్టరుకూ పనిలేదు, మీకూ లేదు. యాప్ దానంతటది షుగర్ తగ్గించదు. ఏ అంకె ఎప్పుడు, ఏం తిన్నాక వచ్చిందో మన బదులు గుర్తుపెట్టుకుంటుంది. ఆ పని దానిచేత సరిగ్గా చేయించుకుంటే చాలు.

1. మీటర్‌ను బట్టి యాప్ ఎంచుకోండి

ప్లే స్టోర్‌లో స్టార్లు చూసి కాదు, ముందు మీ ఇంట్లో ఉన్న గ్లూకోమీటర్ చూడండి. బ్లూటూత్ ఉన్న మీటరైతే అంకెలు వాటంతటవే ఫోన్‌లోకి వస్తాయి. అక్యు-చెక్‌లో కొన్ని మోడళ్లు మైషుగర్ యాప్‌తో, వన్‌టచ్‌లో కొన్ని వన్‌టచ్ రివీల్‌తో కలుస్తాయి. బీటో లాంటి కంపెనీలు నేరుగా ఫోన్‌కే గుచ్చి వాడేలా మీటర్లు అమ్ముతాయి. మీ మీటర్‌కు బ్లూటూత్ లేకపోయినా బాధ లేదు, అంకె చేత్తో కొట్టే యాప్ ఏదైనా సరిపోతుంది. అంతకుముందు ఒక్క పని చేయండి: వారానికి ఎన్నిసార్లు, ఏయే వేళల్లో చూసుకోవాలో మీ డాక్టరును అడగండి. ఇన్సులిన్ వేసుకునేవారికీ, ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రతో నడిచేవారికీ ఆ లెక్క ఒకటి కాదు.

2. సెట్టింగ్స్‌లో పది నిమిషాలు కూర్చోండి

ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. మూడు చోట్ల చూడాలి.

కొలత: మన దగ్గర ల్యాబులు, మీటర్లు ఎంజీ/డీఎల్‌లో, అంటే డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల షుగర్ ఉందో చూపిస్తాయి. బ్రిటన్‌లో మిల్లీమోల్ లెక్క. అక్కడున్న కొడుకో కూతురో కొని పంపిన మీటర్ 8.2 అని చూపిస్తే కంగారు పడకండి. 18తో హెచ్చవేస్తే మన లెక్కలో దాదాపు 148. యాప్‌లోనూ మీటర్‌లోనూ ఒకటే కొలత ఉండాలి.

లక్ష్యం: చాలామంది పెద్దలకు తినకముందు 80 నుంచి 130, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు అనే లెక్క వాడుకలో ఉంది. బాగా వయసు మీరినవారికి కొంచెం సడలిస్తారు, గర్భిణులకు బిగిస్తారు. మీ డాక్టరు చెప్పిన అంకెలే యాప్‌లో పెట్టండి.

గడియారం: మీటర్‌లో బ్యాటరీ మార్చాక టైము మారిపోవచ్చు. అప్పుడు పొద్దున ఆరింటి రీడింగ్ యాప్‌లో అర్ధరాత్రి కింద పడుతుంది, పరగడుపు సగటు మొత్తం తప్పుతుంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా టైము సరిచూసుకోండి.

బ్లూటూత్ కలిపేటప్పుడు ఫోన్ అనుమతులు అడుగుతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో లొకేషన్ ఆన్ చేయకపోతే మీటర్ కనిపించదు. కాంటాక్టులు, కాల్ రికార్డులు అడిగితే మాత్రం ఇవ్వక్కర్లేదు. షుగర్ అంకెకూ మీ ఫోన్‌బుక్కుకూ సంబంధమేంటి?

3. జంటగా కొలవండి

స్ట్రిప్పులు చవక కాదు. కాబట్టి గుర్తొచ్చినప్పుడల్లా పొడవకుండా, ఒకే తిండికి ముందూ వెనకా చూడండి. ఒక రోజు టిఫిన్, ఇంకో రోజు మధ్యాహ్న భోజనం, మరో రోజు రాత్రిది. రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. తినడం మొదలుపెట్టగానే ఫోన్‌లో అలారం పెట్టేసుకోండి.

యాప్‌లో ఇలా పడిందనుకోండి:

మంగళవారం 8:10, టిఫిన్ ముందు 124. నాలుగు ఇడ్లీ, కొబ్బరి చట్నీ. 10:10కి 221.

గురువారం 8:05, టిఫిన్ ముందు 121. రెండు ఇడ్లీ, ఒక ఉడికించిన గుడ్డు, సాంబారు. 10:05కి 168.

ఇడ్లీ మానేయమని ఎవరూ చెప్పక్కర్లేదు, ఎన్ని తినాలో ఆ రెండు వరసలే చెబుతాయి. ఒక్కసారికే తీర్మానం చేయకుండా, ఇదే టిఫిన్‌తో మళ్లీ ఒకటి రెండుసార్లు చూడండి.

వేలు పొడిచే ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. మామిడిపండు కోసిన చేత్తో చూస్తే ఆ రసమే రీడింగును పైకి లాగేస్తుంది.

4. తిండి రాసేటప్పుడు అతి వద్దు

పోపులో ఆవాలతో సహా రాయాలని మొదలుపెట్టినవాళ్లు వారం దాటరు. విదేశీ యాప్‌లకు ఉలవచారు, గోంగూర పప్పు ఏం తెలుస్తాయి? తిండి వివరాలకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అనే యాప్ తెచ్చింది, మన వంటకాలకు అలాంటివే నయం. అంత ఓపిక లేకపోతే అన్నం ఎన్ని కప్పులు, రొట్టెలు ఎన్ని, తీపి తిన్నారా లేదా, ఈ మూడే రాయండి. ఒక కప్పు అన్నంలో పిండిపదార్థం సుమారు 45 గ్రాములు. అంకెను ఎక్కువగా కదిలించేది అదే. కంచం ఫొటో తీసి పెట్టినా సరే.

5. మందుల రిమైండర్

పెట్టడం తేలికే, మోగకపోవడమే సమస్య. చాలా ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఈ యాప్‌లను వెనకాల ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ ఒక్క యాప్‌కు ఆ నిబంధన తీసేయండి.

6. షుగర్ పడిపోతే ఫోన్ పక్కన పెట్టండి

70 కంటే తగ్గితే ఎంట్రీ తర్వాత, ముందు పంచదార. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగండి, లేదా గ్లూకోజ్ పొడి తీసుకోండి. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి అది ఆలస్యంగా పనిచేస్తుంది. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ మాత్రల లాంటి షుగర్ మందులు వాడేవారు కార్తీక సోమవారాలో రంజాన్ ఉపవాసాలో మొదలుపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడాలి, ఆ రోజుల్లో చెకింగ్ అలారాలు పెంచుకోవాలి.

ఫోన్ సెట్టింగ్స్‌లో అత్యవసర సమాచారం అని ఒకటి ఉంటుంది. అందులో షుగర్ ఉందని, వాడే మందులు, ఇంట్లోవాళ్ల నంబరు రాసిపెట్టండి. ఫోన్ లాక్‌లో ఉన్నా అది ఇతరులకు కనిపిస్తుంది.

7. సెన్సర్లు, వాచీలు

చేతికి అంటించుకునే ఫ్రీస్టైల్ లిబ్రే లాంటి సెన్సర్ 14 రోజులు పనిచేస్తూ రీడింగులను యాప్‌కు పంపుతుంది. అది చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. కాబట్టి షుగర్ వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. చెమటలు పట్టి వణుకు వస్తున్నా యాప్ 95 అంటోందా? వేలు పొడిచి చూడండి. సెన్సర్ యాప్‌లో సగటు కంటే, రోజులో ఎంత శాతం సమయం 70 నుంచి 180 మధ్య ఉన్నారో చూడండి. చాలామందికి 70 శాతం పైన ఉండటం లక్ష్యం.

సూది, సెన్సర్ ఏదీ లేకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాల జోలికి పోవద్దు. అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. కెమెరా మీద వేలు పెడితే చెప్పేస్తామనే యాప్‌లు ఉత్త బూటకం. అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మార్చమని ఏ యాప్ సలహా ఇచ్చినా, మీ డాక్టరు ఆమోదించనిదే మార్చకండి. ‘షుగర్ పూర్తిగా పోతుంది’ అంటూ డబ్బులు కట్టమనే ప్యాకేజీ కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

8. డాక్టరు దగ్గరికి రిపోర్టుతో వెళ్లండి

అపాయింట్‌మెంట్‌కు ముందు రోజే యాప్‌లో రిపోర్టు లేదా ఎక్స్‌పోర్ట్ నొక్కి, చివరి నెల లెక్కను పీడీఎఫ్‌గా దించుకోండి. పాయింట్లు, బ్యాడ్జీల పేజీలు వద్దు, ఒక్క పట్టిక చాలు. ల్యాబ్‌లో చేసే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చెప్పేది సుమారు మూడు నెలల షుగర్ సగటు. అది 7 ఉంటే సగటు షుగర్ దాదాపు 154 అన్నట్టు. యాప్ సగటు 120, ల్యాబ్ రిపోర్టు 8.5 వచ్చాయంటే, మీరు బాగుండే వేళల్లోనే చూసుకుంటున్నారేమో. ఆ తేడాను డాక్టరుకు మీరే చూపించండి. రాత్రి భోజనం తర్వాతి అంకెలు లేకపోవడం కూడా కారణం కావచ్చు.

డాక్టరు మందు మారిస్తే, ఇంటికొచ్చాక ఆ తేదీ కింద నోట్స్‌లో కొత్త మందు పేరు, మోతాదు రాయండి. వచ్చేసారి రిపోర్టులో ఆ తేదీకి ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అన్నది విడివిడిగా కనిపిస్తుంది.