నల్లమల అంచున, బండ్ల రొద లేని గరుసు దారుల్లో సైకిల్ తొక్కడం ఎలా?

నంద్యాల నుంచి తూర్పుకు చూస్తే నల్లమల ఆకాశానికి అడ్డంగా పరుచుకుని ఉంటుంది. సైకిల్ చేతిలో ఉన్నవాళ్లకు నేరుగా ఆ కొండల్లోకే దూరిపోవాలనిపించడం సహజం. కానీ లోపలి దారులు చాలావరకు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానివి, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యానివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారి తప్ప మిగతా చోట్లకు వెళ్లాలంటే బయటివాళ్లకు అనుమతి ఉండాలి. కడప వైపు లంకమల, పాలకొండలకు పోతే ఎర్రచందనం దొంగరవాణా గొడవ ఉంది. సంచీ తగిలించుకుని అనుమతి లేకుండా అడవిలో కనిపించిన మనిషిని ఆపి ప్రశ్నించడం అక్కడి సిబ్బందికి రోజూ ఉన్న పని.

అందుకే మేం చెప్పేది అడవి అంచు గురించి. వెలుగోడు జలాశయం నుంచి దక్షిణంగా, కొండల పాదాల వెంట, కడప జిల్లా బ్రహ్మంసాగర్ దాకా తెలుగుగంగ కాల్వ సాగుతుంది. ఆ కాల్వ కట్ట మీద తనిఖీ దారి, పొలాలకూ కొండకూ మధ్య ట్రాక్టర్లు తిరిగే గరుసు బాటలు, ఊరికీ ఊరికీ మధ్య పాత బండి దారులు ఉన్నాయి. వీటిని కలుపుకుంటూ పోతే గంటల తరబడి లారీ హారన్ వినపడదు. కొండ మాత్రం ఎడమ చేతి వైపు తోడుగా వస్తూనే ఉంటుంది.

కాలం

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు కడప వైపు గట్టిగానే పడతాయి. వాన వెలిశాక గరుసు దారికి ఒక్క రోజు చాలు. నల్లరేగడికి నాలుగైదు రోజుల ఎండ కావాలి. తడి రేగడి టైరుకు అంటుకుని, ఫోర్కు సందులో గట్టిపడి, నూరు గజాల్లో చక్రాన్ని కదలకుండా చేస్తుంది. అప్పుడు బలంగా తొక్కితే గేరు మార్చే డిరైలర్ విరుగుతుంది. దిగి, పుల్లతో మట్టి గీకేసి, సైకిల్‌ను భుజాన వేసుకోవడమే మార్గం. కుందూ నది లోయంతా రేగడే. తూర్పున కొండ దగ్గరయ్యే కొద్దీ నేల ఎర్రబడి, గరుసు తేలుతుంది. ఉపగ్రహ చిత్రంలో నల్లగా కనిపించే పొలాల మధ్య దారిని వదిలి, ఎర్రగానో తెల్లగానో మెరిసే దారిని పట్టండి.

మార్చి నుంచి వద్దు. ఎండ సంగతి అటుంచి, ఎండుటాకు రాలి అడవికి నిప్పు భయం మొదలయ్యే కాలం అది.

దారి గీసుకోవడం

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం తీసుకోండి. అందులో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే ఎత్తు గీతల మధ్య తేడా 20 మీటర్లు. మీ దారి మీద ఒక సెంటీమీటరు దూరంలో ఇలాంటి గీతలు రెండు దాటితే అర కిలోమీటరులో 40 మీటర్లు ఎక్కుతున్నట్టు, అంటే 8 శాతం వాలు. వదులు గరుసు మీద వాలు అంతకు మించితే వెనక చక్రం జారడం మొదలవుతుంది, అలాంటి ముక్కను నడిచి ఎక్కే లెక్కలో వేసుకోండి. రిజర్వు ఫారెస్టు హద్దు కూడా ఆ పటంలోనే తెలుస్తుంది. గీసుకున్న దారి ఆ హద్దును ఎక్కడైనా దాటితే అక్కడ మార్చుకోండి, లేదా ముందే అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. కొండ మడతల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి పటాన్ని ఫోనులోకి దించుకోవాలి, కాగితం మీద కూడా ఒకటి ఉండాలి.

కాల్వ కట్ట జలవనరుల శాఖది. గేటు వేసి ఉంటే దూకవద్దు. కాల్వను చూసుకునే లస్కర్ కనిపిస్తే ఆగి ఎక్కడిదాకా వెళ్తున్నారో చెప్పండి, ముందు ఎక్కడ కట్ట తెగిందో ఆయనకు తెలుసు. నల్లమల నుంచి దిగే వంకలు కాల్వను కిందనుంచో పైనుంచో దాటే చోట్ల వానాకాలం తర్వాత దారి కోసుకుపోయి ఉంటుంది.

దారి అడిగే పద్ధతి ఒకటుంది. గొర్రెల కాపరిని “సైకిల్ పోతుందా?” అని అడిగితే పోతుందనే అంటాడు, ఎందుకంటే ఆయన లెక్కలో సైకిల్‌ను తోసుకుంటూ ఎక్కడికైనా పోవచ్చు. “అన్నా, ఈ దావలో ట్రాక్టరు పోతాదా? ట్రాలీతో పోతాదా?” అని అడగండి. ట్రాలీ ట్రాక్టరు పోయే దారిలో సైకిల్ తప్పకుండా తొక్కగలరు.

మొదటిసారి 30 నుంచి 40 కిలోమీటర్లు చాలు. తారురోడ్డు మీద గంటకు 22 తొక్కేవాళ్లకు గరుసు మీద 13, 14 కంటే పడదు. ఆగే సమయం కలుపుకుంటే అది నాలుగు గంటల పని. చలికాలపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి వెలుగోడు వైపు నుంచి దక్షిణానికి తొక్కితే అది వీపునే ఉంటుంది.

సైకిల్, టైర్లు

గరుసు దారుల కోసమే చేసిన గ్రావెల్ సైకిలే ఉండాలని లేదు. 38 మిల్లీమీటర్లు, అంతకు మించిన టైరు పట్టే ఏ సైకిలైనా సరిపోతుంది. టైరుకూ ఫోర్కుకూ మధ్య అటూ ఇటూ కనీసం 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి, లేకపోతే ఇరుక్కున్న గులకరాయి ఫ్రేమును గీసేస్తుంది. అతి తేలిక గేరులో ముందు పళ్లచక్రం వెనక దానికంటే చిన్నదిగానో సమానంగానో ఉండాలి. చెయిన్‌కు దుమ్ము అంటని పొడి రకం నూనె వాడండి, మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడవండి. కొబ్బరినూనె, వాడేసిన ఇంజిన్ ఆయిల్ దుమ్మును పట్టుకుని చెయిన్‌ను అరగదీస్తాయి.

గాలి లెక్క: 65, 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో ముందు 30, వెనక 34 పీఎస్ఐ. ట్యూబు ఉంటే 5 పెంచండి. తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. 2.2 అంగుళాల ఎంటీబీ (కొండదారి సైకిల్) ట్యూబ్‌లెస్ టైరుకు 22 నుంచి 26 చాలు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 34 పెట్టిన గాలి మధ్యాహ్నం టైరు వేడెక్కాక 37 దాకా పోతుంది, ఆ మాత్రం తేడాకు కంగారు వద్దు. రోడ్డు అలవాటుతో 60, 70 కొట్టి రావడమే అసలు తప్పు. ప్రతి రాయి మీదా సైకిల్ ఎగురుతుంది, మలుపులో పట్టు ఉండదు, మణికట్లు మర్నాటికి పనికిరావు.

ముళ్లు

ఈ సీమలో సైకిల్ యాత్రను ఆపేది వాలు కాదు, ముల్లు. పల్లేరుకాయ ముల్లు చిన్నది. దారి అంచున పచ్చగా పాకిన తీగ మీదుగా ఒక్కసారి పోతే పదీ పదిహేను గుచ్చుకుంటాయి. సర్కారు తుమ్మ ముల్లు పొడవు, గట్టి, ఎలాంటి టైరునైనా దాటి ట్యూబును చేరుతుంది. రైతులు చేనికి కంప కొట్టి దడి వేసే చోట, కట్ట మీద కంప నరికిన చోట తునకలు దారిలో మిగిలిపోతాయి. అక్కడ అంచుకు పోకుండా ట్రాక్టరు చక్రం నలిపిన గాడిలోనే తొక్కండి. కంప దట్టంగా పడి ఉంటే పదడుగులు సైకిల్ ఎత్తుకుని దాటండి.

ట్యూబ్‌లెస్ చేయించుకోగలిగితే అదే మేలు. 40 మిల్లీమీటర్ల టైరులో చిల్లిని లోపలినుంచి పూడ్చే ద్రవం, సీలెంట్, 60 నుంచి 80 మిల్లీలీటర్లు పోయాలి. చల్లని దేశాలకు రాసిన గడువు మన ఎండకు నమ్మవద్దు, రెండు నెలలకోసారి వాల్వు లోపలి ముక్క విప్పి, సన్నని ప్లాస్టిక్ టై దింపి తడి ఎంత ఉందో చూడండి. పొడిగా వస్తే మళ్లీ పోయాల్సిందే. ట్యూబుతోనే వెళ్తే రెండు కొత్త ట్యూబులు, ప్యాచులు పది, పంపు, టైరు లీవర్లు రెండు తప్పనిసరి. ప్యాచు అంటించే సొల్యూషన్ ట్యూబు కొత్తది తీసుకోండి, ఒకసారి తెరిచినది ఎండకు గడ్డకట్టి అడవి అంచున ఉత్త రేకుగా మిగులుతుంది.

ట్యూబు పంక్చరయితే వరుస ఇది:

1. చక్రం విప్పకముందే టైరు చుట్టూ చూసి ముళ్లన్నిటినీ లెక్కపెట్టండి. ఒకటి దొరికిందని ఆగవద్దు.
2. టైరు ఒక వైపు మాత్రమే ఊడదీసి ట్యూబు తీయండి. వాల్వు ఉన్న చోట టైరు మీద గుర్తు పెట్టుకుంటే ట్యూబులో చిల్లిని బట్టి టైరులో ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది.
3. టైరు లోపల దూది ఉండ తిప్పండి. విరిగిన ముల్లు మొన కంటికి కనపడదు, వేలికి గుచ్చుకుంటుంది, దూది మాత్రం దానికి చిక్కుకుంటుంది. చిన్న పటకారుతో లాగండి. ఇది చేయకుండా కొత్త ట్యూబు వేస్తే ఐదు నిమిషాల్లో అదీ పోతుంది.
4. చిల్లి చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి, తడి మెరుపు పోయేదాకా మూడు నాలుగు నిమిషాలు ఆగండి. తొందరపడి తడి మీదే అంటిస్తే ప్యాచు జారుతుంది.
5. ట్యూబులో కొంచెం గాలి నింపి, టైరులో పెట్టి, చివరి అంచును లీవరుతో కాకుండా బొటనవేళ్లతో ఎక్కించండి.

నీళ్లు, తిండి

చలికాలంలోనూ పదకొండు దాటాక ఎండ పనిచేస్తుంది. కంపచెట్టు నీడ ఇవ్వదు. గంటకు ముప్పావు లీటరు లెక్కన నాలుగు గంటలకు 3 లీటర్లు మోయండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టును సరిగ్గా ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. తిండికి మన శెనక్కాయ ఉండలు, ఖర్జూరాలు, అరటిపళ్లు చాలు. గంటకోసారి ఏదో ఒకటి నోట్లో పడాలి. ఆకలయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

కాల్వ నీళ్ల కోసం దిగవద్దు. సిమెంటు లైనింగ్ మీద నాచు పట్టి ఉంటుంది, కాలు జారి పడితే ఈత వచ్చినవాళ్లు కూడా ఆ వాలు గోడ పట్టుకుని పైకి రాలేరు. కట్ట మీద కాల్వ అంచుకు కనీసం ఒక మీటరు వదిలి, ఒకరి వెనక ఒకరుగా తొక్కండి.

తొక్కడం

గరుసు మీద ముందు బ్రేకు మలుపులోకి రాకముందే వేసి, మలుపులో వదిలేయాలి. వంకలో ఇసుక వస్తే తేలిక గేరుకు ముందే మార్చి, బరువు వెనక్కి వేసి, హ్యాండిల్‌ను బిగించకుండా తిన్నగా తొక్కుతూనే ఉండండి. తిప్పితే పడతారు. నీళ్లు పారుతుంటే ముందు నడిచి చూడండి, మోకాలు దాటితే వెనక్కి తిరగండి. గొర్రెల మంద ఎదురైతే బెల్లు కొట్టక, పక్కకు ఆగి దారి ఇవ్వండి. కాపరి కుక్కలు మీదికొస్తే దిగి, సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నిదానంగా నడవండి. పరిగెత్తే చక్రాన్ని తరుముతాయి, ఆగిన దాన్ని సాధారణంగా వదిలేస్తాయి.

ఎలుగుబంటి విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. సీతాఫలం, రేగు పండే రోజుల్లో అది కొండ దిగి పొలాల అంచుకు వస్తుంది. తెల్లవారుజామున, పొద్దు వాలాక తిరుగుతుంది. కాబట్టి ఏడు గంటల తర్వాత బయలుదేరి, నాలుగుకల్లా ఊరు చేరాలి. పొద మలుపుల్లో బెల్లు కొడుతూ, మాట్లాడుకుంటూ వెళ్లండి. కనిపిస్తే ఆగి, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. వీపు తిప్పి పరిగెత్తవద్దు. కడప జిల్లా సిద్ధవటం, బద్వేలు వైపు వెళ్లేవాళ్లు చీకటికి ముందే పొదల నేల వదలడానికి ఇంకో కారణం ఉంది. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఆ లంకమల చుట్టుపక్కలే, అది రాత్రి తిరిగే పక్షి. దీపాలతో, చప్పుళ్లతో ఆ పొదల్లోకి పోకూడదు.

పాము కరిస్తే కోయడం, గుడ్డతో బిగించి కట్టడం వద్దు. కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, దగ్గరి ఆసుపత్రికి చేరాలి. అందుకే సిగ్నల్ దొరికే చివరి చోటు ఏదో దారిలో గుర్తు పెట్టుకుంటూ పోండి. ఒంటరిగా వెళ్లకండి, ముగ్గురుంటే ఒకరు తోడుండగా ఇంకొకరు సాయానికి పోవచ్చు.

ఇంటికి చేరిన సాయంత్రమే టైర్లను నెమ్మదిగా తిప్పుతూ ఒక్కో ముల్లూ తీసేయండి. ట్యూబు టైరులో సగం దిగిన పల్లేరు ముల్లు ఆ రోజు గాలి తీయదు, మరుసటి యాత్రలో పది కిలోమీటర్లు పోయాక తీస్తుంది.