భోగి ముందు అటక దులిపేవాళ్లకి

నెలగంట పెట్టారంటే బెజవాడలో అటకలు దులపడం మొదలు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఇంటిల్లిపాదికీ టెన్షనే. అంతా మాయ, వస్తువుల మీద మోహం ఉండకూడదని మన పెద్దలు చెప్పారంటూ సగం ఇల్లు ఖాళీ చేసేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే దసరాకి ఆటోనగర్‌లో రెంచీలకీ లేత్ మిషన్లకీ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టేది కూడా మనవాళ్లే. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం అనుభవించమనే చెబుతుంది, కాకపోతే నాదని పట్టుకు వేళ్లాడకుండా. కాబట్టి ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని, ఇందులో ఇంకా ఎంత పని మిగిలి ఉందో చూడండి.

ముందు బట్టలు. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఒక సంగతి ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి రాణులు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి 500 వస్త్రాలు ఇచ్చేస్తారు. ఇన్ని ఏం చేసుకుంటారని రాజు నిలదీస్తే, చిరిగినవి కట్టుకున్న భిక్షువులకు పంచుతానంటాడు. మరి వాళ్ల పాతవి? పక్క దుప్పట్లు అవుతాయి. అవి పాతబడితే పరుపు గలీబులు, తర్వాత నేల మీద పరుచుకోవడానికి, ఆ తర్వాత కాళ్లు తుడుచుకోవడానికి, ఆపైన దుమ్ము దులపడానికి, ఆఖరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి అలకడానికి. మన అమ్మమ్మలు చేసిందీ ఇదేగా! మెత్తబడ్డ మంగళగిరి చీరలుంటే పొరలు పరిచి బొంత కుట్టించండి. పాలియెస్టర్ వద్దు, జారిపోతుంది, చెమట పీల్చదు. కట్టుకోడానికి పనికొచ్చేవి మాత్రం స్టీలు గిన్నెలకి మార్చేయకుండా ఎవరికైనా ఇచ్చేయండి.

ఇత్తడి గిన్నెలు అమ్మకండి, లోపల కళాయి (తగరం పూత) పెట్టించి వాడండి. కళాయి పోయిన గిన్నెలో పులుసు మాత్రం కాచొద్దు.

అందరూ ఆగిపోయేది దేవుడి పటాల దగ్గర. జపాన్‌లో ఫిబ్రవరి 8న విరిగిన సూదుల్ని కూడా మెత్తటి టోఫులో (సోయా పనీర్‌లో) గుచ్చి, దణ్ణం పెట్టి సాగనంపుతారు. మనకి అంతకన్నా తేలిక దారే ఉంది, ఏటా వినాయకుడికి ఉద్వాసన చెప్పి నీళ్లలో కలిపేస్తున్నాం కదా. పటాన్నీ అలాగే దణ్ణం పెట్టుకుని విప్పండి, అద్దం, మేకులు విడిగా తీసేసి కాగితాన్ని చెట్టు మొదట్లో పాతిపెట్టండి. అద్దంతో సహా కృష్ణలో పడేస్తే స్నానాలకి వచ్చినవాళ్ల కాళ్లు తెగుతాయి.

భోగి మంటలోకి కర్రా పిడకలే. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, రంగులేసిన ప్లైవుడ్ వద్దు. మిగిలింది పాత సామాన్ల బండికి వేసేటప్పుడు రాగి, ఇత్తడి, ఇనుము విడివిడిగా తూకం వేయించండి, కలిపితే అంతా ఇనుము రేటే కడతాడు.