కూలి పెరగట్లేదా? పదిమంది కలిసి సహకార సంఘం పెట్టుకోండి

ధరలు పెరుగుతుంటే కూలి మాత్రం అక్కడే ఆగిపోయిందా? కాంట్రాక్టర్ మధ్యలో తీసుకునే వాటా కూడా మీకే దక్కాలంటే పనివాళ్లే యజమానులుగా సంఘం పెట్టుకోవచ్చు. దీనికి 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది, ఏపీలోనూ తెలంగాణలోనూ.

ముందు వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమందిని కూడగట్టండి. టైలర్లో, తాపీ మేస్త్రీలో, ఒకే పని తెలిసినవాళ్లయితే మేలు. తర్వాత బైలాస్, అంటే సంఘం నడవాల్సిన నియమాలు రాసుకోవాలి, ఇక్కడ మాత్రం అస్సలు తొందరపడకండి. ఎవరు ఎంత వాటాధనం పెట్టినా మనిషికి ఒక్క ఓటే. కూలి రేటు ఎలా నిర్ణయించాలి, మిగులులో రిజర్వుకి, అంటే ముందు అవసరాలకి దాచేది ఎంత, పంచుకునేది ఎంత, సభ్యుడు వెళ్లిపోతే వాటా ఎలా తిరిగివ్వాలి, ఇవన్నీ చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యేదాకా అందరూ కూర్చుని మాట్లాడుకోండి. నా దృష్టిలో సంఘాలు చెడేది డబ్బు లేకపోవడం కంటే లెక్కలు ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే ఉండిపోవడం వల్ల. అందుకే నెలనెలా జమాఖర్చులు మీటింగ్‌లో చదవండి, ఏటా ఆడిట్ చేయించండి.

సంఘం పెడుతున్నామని అందరూ కలిసి చేసిన తీర్మానం, బైలాస్‌తో జిల్లా సహకార శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి.

ఇది జరిగే పనేనా అనుకుంటే కేరళలోని ఊరాలుంగల్ సంఘాన్ని చూడండి, 1925లో కూలీలు మొదలుపెట్టింది, ఇప్పుడు పెద్ద రోడ్లు, వంతెనలు కడుతోంది. మీరు మాత్రం చిన్న పనులతోనే మొదలుపెట్టండి, అడ్వాన్సు తీసుకోకుండా మెటీరియల్ కొనకండి, మొదటి ఏడాది మిగులు సంఘంలోనే ఉంచండి.